మాత్రలు ఇచ్చే రోజే ఆ నాలుగు మాటలూ చెప్పండి

సంపాదకులు గారికి,

నమస్కారాలు.

నేను అనంతపురం జిల్లా కల్యాణదుర్గం ప్రాంతంలో చాలాకాలం పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న ఉపాధ్యాయుణ్ణి. పన్నెండేళ్లుగా నాకు షుగరు ఉంది. మా అక్కకు బీపీ. మా ఊరికి 104 బండి వచ్చిన రోజు ఆమెను తోడుకొని బడి వెనక చింతచెట్టు కిందికి వెళ్తుంటాను. ఆ చెట్టు కింద కూర్చున్నప్పుడు నా కంటబడిన ఒక లోటును మీ పత్రిక ద్వారా జిల్లా వైద్య ఆరోగ్య శాఖ అధికారుల దృష్టికి తీసుకురావాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మొన్నటిసారి సుమారు నలభై మంది వచ్చారు. బీపీ చూశారు, వేలు పొడిచి షుగరు చూశారు, నెలకు సరిపడా మాత్రలు ఇచ్చారు. సిబ్బంది మర్యాదగానే మాట్లాడారు, అందులో వంక పెట్టడానికేమీ లేదు. నా పక్కన కూర్చున్న పెద్దావిడను ఏ బిళ్ల దేనికి వాడుతున్నారని అడిగాను. "తెల్లబిళ్ల పొద్దున, పచ్చబిళ్ల రాత్రి సామీ. యాది దేనికో ఆ మేడమ్మకు తెలుసు" అంది. జ్వరం వస్తే వీటిని మింగాలా, ఆపాలా అని మళ్లీ అడిగాను. ఆమె నన్ను వింతగా చూసి, "జొరమొస్తే కూడే సయించదు, ఇంక బిళ్ల యాడ మింగేది?" అంది. చుట్టూ ఉన్న నలుగురైదుగురు అవునన్నట్టు తలూపారు.

ఆ మాటలో ఆమె తప్పేమీ లేదు, ఎందుకంటే ఆమెకు ఎవరూ చెప్పలేదు. తిండి తినకపోతే షుగరు పడిపోతుందని మనవాళ్ల లెక్క. కానీ జ్వరం వచ్చిన ఒంట్లో, ఏమీ తినకపోయినా షుగరు పెరగవచ్చు. షుగరు పెరిగినకొద్దీ రోగంతో పోరాడాల్సిన తెల్లరక్తకణాలు చురుకు తగ్గిపోతాయి, వచ్చిన జబ్బు ముదురుతుంది. అందుకే ఇన్సులిన్ వేసుకునేవాళ్లు జ్వరంలో దాన్ని సొంతంగా ఆపకూడదనీ, మామూలుకంటే ఎక్కువసార్లు షుగరు చూసుకోవాలనీ వైద్యులు చెబుతారు. అలాగని అన్ని మాత్రలకూ ఒకటే నియమం కాదు. వాంతులూ విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గిపోయినప్పుడు మెట్‌ఫార్మిన్ వంటి షుగరు మాత్రలను కొద్దిరోజులు నిలపాల్సి రావచ్చు, అది డాక్టరును అడిగి తెలుసుకోవలసిన సంగతి. ఇంత ముఖ్యమైన మాట, కోవిడ్ వచ్చి వెళ్లిన ఇన్నేళ్ల తరువాత కూడా, నెలనెలా మాత్రలు తీసుకునే మనిషికి చేరలేదంటే మనం చేసిన ప్రచారమంతా ఏమైనట్టు?

ఇది నాకు ఊరకే పుట్టిన బాధ కాదు. 2020 మార్చి 25న, ఉగాది పండుగనాడు, దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది. అప్పటికి మా అక్క దగ్గర తొమ్మిది రోజుల బీపీ బిళ్లలు మిగిలి ఉన్నాయి. బస్సులు లేవు. ఆమె చూపించుకునే ప్రైవేటు ఆసుపత్రి గేటుకు తాళం పడింది. మందుల అంగళ్లు తెరిచే ఉన్నా టౌను పద్దెనిమిది కిలోమీటర్లు, దారిలో రెండు చోట్ల పోలీసులు. పక్క వీధిలోనే ఉన్న నాకు కూడా చెప్పకుండా, ఆమె రోజూ ఒక బిళ్లను గోటితో రెండుగా విరిచి సగం మింగి, మిగతా సగాన్ని అగ్గిపెట్టెలో దాచుకుంది. ఆ సగాలు కూడా అయిపోయిన తరువాత, తలనొప్పి తప్ప వేరే బాధ లేదు కదా అని ఊరుకుంది. నెల తిరిగేసరికి మూతి వంకరపోయింది, కుడిచెయ్యి పడిపోయింది. ఇప్పటికీ సంగటి ఎడమచేత్తోనే తింటుంది. ఆమెకు కరోనా రాలేదు కాబట్టి ఏ లెక్కలోనూ ఆమె మహమ్మారి బాధితురాలు కాదు.

దీర్ఘకాలిక జబ్బులున్నవారికి మూడు నెలల వరకు సరిపడా మాత్రలను ఆశా కార్యకర్తల ద్వారానో, ఉపకేంద్రాల ద్వారానో అందేలా చూడాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2020 ఏప్రిల్ నెల మధ్యలో మార్గదర్శకాలు ఇచ్చిందని నాకు తరువాత తెలిసింది. మంచి ఆలోచన. కాకపోతే అది లాక్‌డౌన్ మొదలైన మూడు వారాలకు వచ్చింది, మా అక్క చేతిలో ఉన్నవి తొమ్మిది రోజుల బిళ్లలు. ఈ సదుపాయం అత్యవసర ఉత్తర్వులాగా కాకుండా మామూలు రోజుల్లోనే అమలులో ఉంటే తప్ప ఆపద వేళకు పల్లెకు అందదు.

కాగితం సంగతి ఇంకొకటి. 2021 మార్చి 1 నుంచి అరవై దాటినవారితో పాటు 45 నుంచి 59 ఏళ్ల మధ్యవారిలో జబ్బులున్నవారికి కూడా టీకా మొదలుపెట్టారు. 20 జబ్బుల జాబితా ఒకటి ఇచ్చి, వాటిలో ఏదో ఒకటి ఉన్నట్టు రిజిస్టరైన డాక్టరు దగ్గర సర్టిఫికెట్ తెమ్మన్నారు. మా ఊళ్లో అలాంటి వాళ్లు తెచ్చుకున్న ఆధారమల్లా ప్లాస్టిక్ కవరు నిండా ఖాళీ మాత్రల అట్టలే. అట్టమీద పేరు చింపేసి ఉంటే ఏ మందు వాడుతున్నారో కూడా తెలిసేది కాదు. ఏప్రిల్ 1 నుంచి 45 దాటిన అందరికీ టీకా ఇవ్వడంతో ఆ సర్టిఫికెట్ బెడద తీరింది గానీ, ఆ నెలరోజులూ అందరికంటే ముందు టీకా పడవలసినవాళ్లే వెనక్కి తిరిగి వచ్చారు. ఇప్పుడు వివరాలన్నీ ఆన్‌లైన్‌లో ఉంటాయని అంటున్నారు. సంతోషమే, కానీ మా వీధిలో చాలా ఇళ్లలో ఆ వివరాలు చూపించగల ఫోను కొడుకుతో పాటు బెంగళూరుకు వెళ్లిపోయింది.

రెండో విడత కరోనాలో జరిగిన పొరపాటు ఇంతకంటే దారుణం. డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఆక్సిజన్ అవసరమైన కోవిడ్ రోగులకు ప్రాణం నిలిపిన మందు. ఆక్సిజన్ అక్కరలేనివారికి దానివల్ల మేలు జరిగినట్టు పరీక్షల్లో తేలలేదు. మన పల్లెల్లో ఒళ్లు వెచ్చగా ఉందన్న ప్రతివారికీ "డెక్సా" సూది పడింది. షుగరున్న మనిషికి స్టెరాయిడ్ ఇస్తే షుగరు ఎంత పైకి పోతుందో సూది వేసినవారు చూడలేదు, వేయించుకున్నవారికి తెలియదు. ఆ మే నెలలో కన్నును తినేసే బ్లాక్ ఫంగస్ పేరు ఇంటింటా వినబడటానికీ, రాష్ట్ర ప్రభుత్వం దాన్ని ఆరోగ్యశ్రీలో చేర్చవలసి రావడానికీ అదుపు తప్పిన షుగరు, అవసరానికి మించిన స్టెరాయిడ్ ముఖ్య కారణాలు. "నాకు షుగరుంది, ఈ సూదిలో ఏముంది?" అని అడగగలిగిన రోగి తన కన్నును తానే కాపాడుకున్నట్టు.

అవగాహన పేరిట అప్పట్లో మాకు చెప్పినవాటిలో కొన్ని మా బతుకుకు అతకనివి. వారానికి రెండుసార్లు కొళాయి వచ్చే వీధిలో మాటిమాటికీ చేతులు కడగమన్నారు, ఒకే గది ఇంట్లో వేరే గదిలో ఉండమన్నారు. షుగరున్న ముసలాయనకు పగలంతా గాలి ఆడే పంచలో మంచం వేయండి, దగ్గేవాళ్లు ఆయన దగ్గరికి పోకండి, పోతే ముక్కూ నోరూ తువ్వాలుతోనైనా కప్పుకోండి అని చెప్పి ఉంటే మావాళ్లు తప్పకుండా చేసేవారు.

కాబట్టి నేను కోరేది కొత్త పథకం కాదు. 104 బండి వస్తూనే ఉంది, ఆశా కార్యకర్త, ఏఎన్‌ఎం ఊళ్లోనే ఉన్నారు, జబ్బున్నవాళ్లంతా ఒకే చెట్టు కింద ఒకే రోజు కూర్చుంటున్నారు. ఇంతకంటే మంచి సభ ఎవరు ఏర్పాటు చేయగలరు? మాత్రల కోసం ఎదురుచూసే ఆ గంటలో పది నిమిషాలు కేటాయించి, జ్వరం వస్తే ఏం చేయాలో, ఏ లక్షణం కనబడితే 108కి ఫోను చేయాలో, రక్తంలో ఆక్సిజన్ 94 శాతం కంటే తగ్గితే ఆలస్యం ఎందుకు కూడదో చెప్పాలి. నెల మాత్రలతో పాటు మరో నెలవి ఇంట్లో ఎప్పుడూ నిలవ ఉండేలా ఇవ్వాలి. ఇన్సులిన్ వాడేవారి ఇళ్లలో ఫ్రిజ్ ఉందో లేదో కనుక్కోవాలి. నలభై డిగ్రీలు దాటే మా ఎండల్లో కిటికీలో పెట్టిన సీసా పనికిరాకుండా పోతుంది. ఫ్రిజ్ లేనివాళ్లు తడి ఇసుకలో కుండ పెట్టి, అందులో సీసా దాచుకోవచ్చని చెప్పేవాళ్లు లేరు.

జబ్బు ఉన్నట్టు తెలియనివారి మాట కూడా ఉంది. దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం, 13.6 కోట్ల మందికి దాని ముందు దశ ఉన్నట్టు 2023లో వెలువడిన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) అధ్యయనం అంచనా వేసింది. మా ఊళ్లో ఇద్దరికి షుగరుందని తెలిసింది కరోనాతో ఆసుపత్రిలో చేరిన తరువాతనే. ముప్పై దాటిన ప్రతివారికీ పరీక్ష చేయాలన్న జాతీయ కార్యక్రమం ఉంది కాబట్టి, చెనక్కాయ (వేరుశనగ) పనులు లేని నెలల్లో సాయంత్రం పూట సిబ్బంది వస్తే పరీక్షకు మగవాళ్లు కూడా దొరుకుతారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ అత్యవసర స్థితిని 2023 మే 5న ఎత్తివేసింది. అయినా ఏటా ఫ్లూ వస్తూనే ఉంది, షుగరున్నవారికి క్షయ సోకే ప్రమాదం మిగతావారికంటే రెండు మూడు రెట్లు ఎక్కువ. పై మాటలన్నీ ఆ రెండింటికీ పనికొస్తాయి.

నా వంతుగా, గత నెలలో పోస్టుకార్డంత అట్టముక్కల మీద మావాళ్ల పేరు, వయసు, జబ్బు, మాత్ర పేరు, మోతాదు, ఇంట్లో ఒకరి ఫోను నంబరు రాసి ఇవ్వడం మొదలుపెట్టాను. ముప్పై ఒకటి పూర్తయ్యాయి. మాత్రల పేర్లు తప్పు పోకుండా బండిలో వచ్చిన డాక్టరు గారు సరిచూసి సంతకం చేశారు. మిగతా తొమ్మిది మంది ఖాళీ మాత్రల అట్టలు పారేసుకున్నందున వాళ్లవి వచ్చేసారి బండి వచ్చినప్పుడు రాయాలి. ఇదే చీటీని శాఖవారే అచ్చువేసి, వెనకవైపు జ్వరం వచ్చినప్పటి జాగ్రత్తలను పెద్ద అక్షరాల్లో ముద్రించి ఊరూరా పంపితే, రాసిపెట్టడానికి ప్రతి ఊళ్లోనూ నాలాంటి విశ్రాంత ఉపాధ్యాయులు ఒకరిద్దరు దొరుకుతారు.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
కల్యాణదుర్గం ప్రాంతం, అనంతపురం జిల్లా.