మిగులు గుడ్డలతో దానం బొంత: నేస్తానికి ఉత్తరం

నేస్తం,

నీ ఉత్తరం అందింది. బీరువా కింది అర నిండా మిగులు గుడ్డలు పేరుకున్నాయనీ, వాటితో ఎవరికైనా ఇవ్వడానికి ఓ బొంత కుట్టాలనుందనీ రాశావు. ఎంత మంచి ఆలోచనే! నువ్వడిగినవన్నీ ఒకేసారి రాసేస్తున్నా. పొడుగెక్కువైనా ఓపిగ్గా చదువు.

ముందే ఒక మాట చెప్పేస్తాను. మిగులు గుడ్డ వేరు, పనికిరాని గుడ్డ వేరు. మనింట్లో బొంతని మనం చూసుకుని వాడతాం. దానమిచ్చిన బొంతని రోజూ కప్పుకుంటారు, నేలమీద పరుస్తారు, వేడినీళ్లలో వేసి మెషీన్లో తిప్పేస్తారు. అలా తిప్పాలి కూడా, అందుకేగా ఇస్తున్నది! కాబట్టి మనం వాడుకునే దానికంటే దీనికే గట్టి గుడ్డ, గట్టి కుట్టు పడాలి. అందం ఆ తర్వాత. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులకి ఇళ్లు పోయిన బ్రిటన్ కుటుంబాలకి కెనడా ఆడవాళ్లు బొంతలు కుట్టి రెడ్‌క్రాస్ ద్వారా పంపారు. వాటిలో కొన్ని ఇప్పటికీ మిగిలి ఉన్నాయి.

కత్తెర పట్టకముందే, ఎవరికిస్తున్నావో వాళ్లని అడుగు: కొలత ఎంత ఉండాలి, నూలు మాత్రమే తీసుకుంటారా, డ్రయ్యర్లో వేస్తారా. ఇది అడక్కుండా కుట్టి తీసుకెళ్తే కొలత సరిపోలేదని పక్కన పెట్టేయొచ్చు. పసిపిల్లలకైతే ఇంకో సంగతి. ఏడాదిలోపు పిల్లలు పడుకునే చోట విడిగా దుప్పటీ బొంతా ఉంచొద్దని పిల్లల డాక్టర్లు చెబుతారు. ఆ వయసువాళ్లకి ఇచ్చేది మెలకువగా ఉన్నప్పుడు నేలమీద పరిచి ఆడించడానికే. దానికి గుండీలు, పూసలు, కుచ్చులు, ఊలు ముడులు ఏవీ పెట్టకు. నోట్లో పెట్టుకుంటారు, వేళ్లకి చుట్టుకుంటాయి.

ఇక గుడ్డలు ఏరడం. సగం పని ఇక్కడే ఉంది, తొందరపడకు. ప్రతి ముక్కనీ వెలుతురుకి ఎత్తిపట్టి చూడు. నేత పలచబడి అవతలివైపు మరీ స్పష్టంగా కనిపిస్తే వద్దు. తర్వాత రెండు చేతుల్తో పట్టుకుని నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి గట్టిగా లాగు. చిటపటమని చప్పుడొచ్చినా, పోగులు విడినా ఆ గుడ్డ మగ్గిపోయిందన్నమాట. ఎంత ముచ్చటైన రంగైనా పక్కన పెట్టేయ్. పెట్టె అడుగున ఏళ్ల తరబడి మడతలోనే ఉన్న గుడ్డ సరిగ్గా ఆ మడత దగ్గరే చినుగుతుంది, అక్కడ ప్రత్యేకంగా లాగి చూడు.

నూలో కాదో తేలకపోతే రెండంగుళాల పోగు తీసి, సింకు మీద పట్టకారుతో పట్టుకుని కాల్చు. నూలు కాగితంలా కాలి మెత్తటి బూడిదవుతుంది. పాలిస్టరు కరిగి గట్టి పూసలా చుట్టుకుంటుంది. బూడిదా పూసా రెండూ వస్తే కలనేత, అంటే నూలూ పాలిస్టరూ కలిసిన గుడ్డ. ఇదంతా ఎందుకంటే, నూలు మొదటి ఉతుకులో సుమారు 3 నుంచి 5 శాతం కుదించుకుపోతుంది, పాలిస్టరు కుదించుకోదు. రెండూ పక్కపక్కన ఉంటే ఒకటి లాగుతుంది, ఇంకొకటి ఉబ్బుతుంది. నూలుకి పెట్టే ఇస్త్రీ వేడికి పాలిస్టరు పాడవుతుంది కూడా. జీన్సు లాంటి మందం గుడ్డని పలచటి వాయిలు పక్కన వేసినా నష్టమే: బరువంతా అతుకు మీద పడి పలచటిది కుట్టు పొడవునా చిరుగుతుంది. బనియన్ లాంటి అల్లిక గుడ్డలు సాగుతాయి, వాటిని ఇందులో కలపకు.

రంగు దిగే గుడ్డలకి మాత్రం భయపడాల్సిందే. ముదురు ఎరుపు, నీలిమందు రంగు, నలుపు, మెరూన్... వీటిలో ఒక్కో ముక్కని తడిపి, తెల్లగుడ్డ మీద పెట్టి, పైన వేడి ఇస్త్రీ నొక్కు. తెల్లదానికి మరక అంటితే ఆ ముక్కని మళ్లీ మళ్లీ ఉతుకు. మూడుసార్లకీ ఆగకపోతే వదిలెయ్. ఒక్క ముక్క రంగు దిగితే మొత్తం బొంత పాడవుతుంది. పెద్ద ముక్కల్ని సబ్బుతో ఉతికి ఆరబెట్టు. అరచేతికంటే చిన్నవి మెషీన్లో వేస్తే పీచు తేలి ముద్దవుతాయి, వాటిని గిన్నెలో వేడినీళ్లలో నానబెట్టి తువ్వాలు మీద ఆరేస్తే చాలు.

కొలతలకొద్దాం. పిల్లలకి సరిపోయే బొంతకి నాకు నచ్చిన లెక్క ఇది: 5 అంగుళాల చదరపు ముక్కలు, అడ్డం 9, నిలువు 11, అంటే మొత్తం 99. నాలుగువైపులా పావు అంగుళం కుట్టులోకి పోతుంది గనక ఒక్కో గడి నాలుగున్నర అంగుళాలకి దిగుతుంది, బొంత పైభాగం 40.5కి 49.5 వస్తుంది. మరీ చిన్న ముక్కలున్నా పారేయకు. రెండుముప్పావు అంగుళాల ముక్కలు నాలుగు కలిపితే సరిగ్గా 5 అంగుళాల గడి అవుతుంది. 2 అంగుళాల ముక్కలు తొమ్మిది కలిపినా 5 అంగుళాలే! కాబట్టి పెద్దవీ చిన్నవీ ఒకే బొంతలో కలిసిపోతాయి. ముదురు, లేత ఒకదాని పక్కన ఒకటి వేస్తే ముదురువి 50, లేతవి 49 కావాలి. రెండువైపులా బేసి సంఖ్యలే కాబట్టి నాలుగు మూలలా ముదురు గడే వస్తుంది, చూపుకి నిండుగా ఉంటుంది. ముదురేదో లేతేదో తేల్చుకోలేకపోతే అన్నీ నేలమీద పరిచి ఫోనులో నలుపు తెలుపు ఫొటో తియ్యి. రంగు పోయి వెలుగూ నీడా మాత్రమే మిగులుతాయి, వెంటనే తెలిసిపోతుంది.

కొయ్యడం పోగు వెంట జరగాలి. వాలుగా కోసిన అంచు, అదే దర్జీలు క్రాస్ అంటారే, అది చేతిలోనే సాగిపోతుంది. అట్టముక్కని కొలతగా పెట్టుకుంటే పది ముక్కలకే దాని అంచు అరిగి, కొలత మారుతుంది. గట్టి ప్లాస్టిక్ ముక్క అయితే అలా కాదు. రోటరీ కట్టరు, అంటే చక్రంలా తిరుగుతూ కోసే గుండ్రటి బ్లేడు, ఉంటే మరీ మంచిది. గుడ్డ కొసన బిగువుగా నేసి ఉండే పట్టీని తీసేయ్, అది మిగతా గుడ్డకంటే ఎక్కువ ముడుచుకుంటుంది.

కుట్టులో అసలు కీలకం పావు అంగుళం. ఇది తప్పితే ఏదీ కుదరదు. ఒక్కో అతుకు దగ్గర ఒక్కోవైపు పదహారో వంతు అంగుళం ఎక్కువ పట్టిందనుకో, అతుక్కి ఎనిమిదో వంతు పోతుంది. 9 గడుల వరసలో 8 అతుకులు, అంటే మొత్తం ఒక అంగుళం కురచ! ఒక వరస ఒకలా, ఇంకో వరస ఇంకోలా వస్తే రెంటినీ కలిపేటప్పుడు లాగి కుట్టాలి, అక్కడ ఉబ్బుతుంది. అందుకని ముందు మూడు పనికిరాని ముక్కలు 5 అంగుళాలవి కలిపి కుట్టి, ఇస్త్రీ చేసి కొలువు. సరిగ్గా 14 అంగుళాలు రావాలి. తక్కువొస్తే సూదిని అంచుకి ఒక్క పోగంత దగ్గరికి జరుపు. మెషీన్ పలక మీద ఆ దూరంలో మందపాటి టేపు అతికించుకుంటే గుడ్డ దానికి ఆనుకుని వెళ్తుంది.

కుట్టు పొడవు 2 మిల్లీమీటర్లు పెట్టు, మామూలు రెండున్నర కంటే కొంచెం దగ్గర. పాత దారపుండ లాగి చూసి, పుటుక్కున తెగితే వాడకు. ముక్కల్ని జంటలుగా పెట్టుకుని, దారం తెంపకుండా ఒకదాని వెనక ఒకటి తోస్తూ పో. దారం, సమయం రెండూ మిగులుతాయి. కత్తిరించడం చివర్లో. మొదటి వరస అతుకులన్నీ కుడివైపుకి, రెండో వరసవి ఎడమవైపుకి మడిచి ఇస్త్రీ చెయ్. అప్పుడు వరసలు కలిపేటప్పుడు అతుకులు ఒకదానికొకటి తగిలి వాటంతటవే ఆగుతాయి, మూలలు కలుస్తాయి. ఇస్త్రీపెట్టెని ఎత్తి పెట్టి నొక్కాలి గానీ బట్టల మీద తోసినట్టు తోయకూడదు. తోస్తే గడి వంకరపోతుంది.

ఇక కింది గుడ్డ, మధ్యలో దూది పొర. ఇవి రెండూ నాలుగువైపులా 3 అంగుళాలు ఎక్కువుండాలి, అంటే సుమారు 46.5కి 55.5. 44 అంగుళాల పన్నా చాలదు. మిగులు ముక్కల్నే వరసగా కుట్టి ఒక పట్టీ చేసి కలుపు, కానీ సరిగ్గా మధ్యలో కాకుండా పక్కకి జరిపి. మధ్యలో ఉంటే మడతపెట్టిన ప్రతిసారీ మడత అతుకు మీదే పడి అరుగుతుంది. అతుకొద్దనుకుంటే 8కి 10 గడులు, అంటే 80 ముక్కలతో 36కి 45 బొంత కుట్టుకో, 44 పన్నా సరిపోతుంది. విడి దూది మాత్రం నింపకు, ఉతికితే ఉండలు కడుతుంది. పొరగా అమ్మే బ్యాటింగే వాడు. దాని ముక్కలు మిగిలుంటే అంచుకి అంచు ఆనించి జిగ్‌జాగ్ కుట్టెయ్, ఒకదానిమీద ఒకటి ఎక్కిస్తే గట్టు తేలుతుంది.

కింది గుడ్డని మంచివైపు నేలకి ఉండేలా పరిచి, ముడతలు పోయేంత మాత్రమే బిగించి టేపు అతికించు. సాగదీస్తే టేపు తీయగానే వెనక్కి ముడుచుకుని పైభాగాన్ని ముడతలు పెడుతుంది. దానిమీద పొర, ఆ పైన బొంత ముఖం. మధ్య నుంచి బయటికి, బెత్తెడుకొకటి చొప్పున పిన్నీసులు పెట్టు, ఇంచుమించు 120 పడతాయి. ఎన్ని పెట్టావో కాగితం మీద రాసుకో. చివర్లో తీసినవి లెక్కపెట్టినప్పుడు అదే సంఖ్య రావాలి. పిల్లలు కప్పుకునేదే ఇది, ఒక్క పిన్నీసు కూడా లోపల మిగలడానికి వీల్లేదు.

మూడు పొరలూ కలిపే కుట్టుకి సూది 14 నంబరుకి, కుట్టు పొడవు 3 మిల్లీమీటర్లకి మార్చు. గడుల మూల నుంచి మూలకి వాలుగా ఒకే దిశలో గీతలు కుడితే గీతకీ గీతకీ మధ్య 3 అంగుళాల పైచిలుకు వస్తుంది. బ్యాటింగ్ పొట్లం మీద ఎంత దూరం వరకు పర్వాలేదో రాసి ఉంటుంది, దాన్ని దాటకు. వాకింగ్ ఫుట్, అంటే పైగుడ్డని కూడా ముందుకి నడిపే మెషీన్ పాదం, ఉంటే పైగుడ్డా కిందిగుడ్డా సమానంగా కదులుతాయి. లేకపోతే మామూలు పాదం ఒత్తిడి తగ్గించి మెల్లగా కుట్టు. ఎప్పుడూ మధ్య గీత ముందు, అక్కడినుంచి పక్కలకి. అంచు నుంచి మొదలెడితే మిగులు గుడ్డంతా మధ్యలో పోగుపడి మడత కుట్టుకుపోతుంది. గీతలకి దర్జీ సబ్బు బిళ్ల చాలు.

తర్వాత అంచుల్లో ఎక్కువున్నదాన్ని కత్తిరించి సమం చేసి పట్టీ వెయ్. రెండున్నర అంగుళాల పట్టీలు 42 పొడవువి ఐదు, కొసలు వాలుగా కలిపితే 200 అంగుళాలొస్తుంది. చుట్టుకొలత 180 కాబట్టి సరిపోతుంది. దాన్ని నిలువునా సగానికి మడిచి, ముందువైపు కుట్టి, వెనక్కి తిప్పి మళ్లీ మెషీన్ మీదే కుట్టు. చేతికుట్టు అందమే, కానీ వేడినీళ్ల ఉతుకులకి ముందు ఊడేది అదే.

చివరగా ఒకసారి ఉతికి, ఆరబెట్టి, అతుకు అతుకూ వేలితో తడిమి చూడు. ఎక్కడైనా నోరు తెరుచుకుంటే అక్కడ వెనక నుంచి రెండు వరసలు వేసెయ్. సెంటు, కర్పూరం, కలరా ఉండల వాసన ఉండకూడదు, ఒంట్లో బాగోనివాళ్లకి పడవు. ఒక మూల చిన్న తెల్ల గుడ్డముక్క మీద చెరగని సిరాతో ఏ గుడ్డతో కుట్టిందో, ఎలా ఉతకాలో రాసి కుట్టు.

గుడ్డలన్నీ ఏరాక లేతవి 49 తేలకపోతే వెంటనే రాయవే. ఉన్నవాటితో గడుల అమరిక ఎలా మార్చాలో లెక్కేసి పంపుతాను.

నీ
నేస్తం