అడిగింది మ్యాగీ స్మిత్ పోర్షియాను, పంపింది వేరేవాళ్లను

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

విషయం: 1972 నాటి ‘ది మర్చంట్ ఆఫ్ వెనిస్’ (బ్రిటిష్ నటి మ్యాగీ స్మిత్ కథానాయిక పోర్షియాగా చేసిన షేక్‌స్పియర్ నాటకం) డీవీడీ బదులు రెండుసార్లు వేరే డిస్కులు పంపడం గురించి.

నమస్కారం.

పోయిన నెల మీ వెబ్‌సైటులో నేనొక డీవీడీ ఆర్డర్ పెట్టాను. ‘ది మర్చంట్ ఆఫ్ వెనిస్, బీబీసీ, 1972, మ్యాగీ స్మిత్’ అని అక్కడ స్పష్టంగా రాసి ఉంది. 2,350 రూపాయలు ముందే కట్టాను. పార్సిల్ వచ్చిన సాయంత్రం కళ్లజోడు పెట్టుకుని, కత్తెరతో టేపు కోసి చూస్తే అట్ట మీద హాలీవుడ్ నటుడు అల్ పచీనో! వెనక్కి తిప్పి నటుల పేర్ల మీద వేలు పెట్టి రెండుసార్లు చదివాను. మ్యాగీ స్మిత్ పేరు లేదు. అది 2004లో వచ్చిన సినిమా. సీలు కూడా విప్పకుండా మీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను.

‘టైటిల్ కరెక్టే కదా మేడమ్, రిటర్న్ కుదరదు’ అన్నాడు ఫోనెత్తిన అబ్బాయి. నాలుగుసార్లు మాట్లాడితే గానీ మార్చి ఇస్తామనలేదు. పన్నెండు రోజులకు రెండోది వచ్చింది. ఈసారి లారెన్స్ ఒలివియే వడ్డీ వ్యాపారి షైలాక్‌గా వేసిన 1973 నాటిది. అందులో పోర్షియా జోన్ ప్లోరైట్. ఆవిడా గొప్ప నటే. కానీ నేను డబ్బు కట్టింది ఆవిడ కోసం కాదు.

మాయాబజార్ కావాలన్న మనిషికి 1957 నాటిది కాకుండా, 2006లో అదే పేరుతో వచ్చిన సినిమా చేతిలో పెట్టి ‘టైటిల్ కరెక్టే’ అంటే ఊరుకుంటారా? సావిత్రి ఏదండీ అని అడగరా? నేనూ అదే అడుగుతున్నాను.

నేను జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. పోర్షియా లాయరు వేషంలో వచ్చే కోర్టు సీను ఎన్ని బ్యాచ్‌లకు చెప్పానో లెక్కలేదు. దాన్ని మ్యాగీ స్మిత్ ఎలా చేసిందో, ఎదురుగా షైలాక్‌గా ఫ్రాంక్ ఫిన్లే ఎలా నిలబడ్డాడో చూడాలన్నది నా చిరకాల కోరిక. 2024 సెప్టెంబరులో ఆవిడ పోయాక నేనూ, వరంగల్‌లో ఉన్న నా స్నేహితురాలూ, బర్మింగ్‌హామ్‌లో ఉన్న మా మేనకోడలూ కలిసి ఆవిడ పాత టీవీ నాటకాలు ఒక్కొక్కటే వెతుకుతున్నాం. హ్యారీ పోటర్ సినిమాలు ఎక్కడైనా దొరుకుతాయి. ఇవి అలా దొరకవు.

1988లో బీబీసీకి ఆవిడ చేసిన ‘బెడ్ అమంగ్ ద లెంటిల్స్’ మాకు అలా వెతగ్గా వెతగ్గా దొరికింది. తాగుడుకు అలవాటుపడిన పాస్టరుగారి భార్యగా ఒక్కతే కెమెరా వైపు చూస్తూ మాట్లాడుతుంది. లీడ్స్‌లో కిరాణా కొట్టు నడిపే మనవాడు రమేశ్ పేరు ఆవిడ నోట వచ్చినప్పుడల్లా గొంతులో చిన్న వెలుగు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మీకు ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, 1960లు, 70లలో వీడియో టేపు చాలా ఖరీదు. అందుకని బీబీసీ వాళ్లు పాత నాటకాలు చెరిపేసి అదే టేపు మీద కొత్తవి రికార్డు చేసుకునేవాళ్లు. 1967లో ఆవిడ కథానాయిక బియాట్రిస్‌గా చేసిన షేక్‌స్పియర్ నాటకం ‘మచ్ అడో అబౌట్ నథింగ్’ కూడా అలాగే పోయిందనుకున్నారు. అప్పట్లో అమెరికా టీవీకి పంపిన కాపీ ఒకటి 2010లో వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో బయటపడింది. నలభై ఏళ్ల పైమాటే! అలాంటి కాలం దాటుకుని మిగిలిన నాటకాన్ని మీరు ఏ సంవత్సరందో, ఎవరు నటించారో చూడకుండా ఒకే పేరు కింద కలిపేసి అమ్ముతున్నారు. దీని కోసమే నేను బ్రిటన్ డిస్కులు ఆడే ప్లేయరు కూడా కొన్నాను. డీవీడీలకు ప్రాంతాలవారీగా రీజియన్ అనే లాకు ఉంటుంది; వాళ్లది రీజియన్ 2, మనది రీజియన్ 5 కాబట్టి మామూలు ప్లేయరులో ఆడకపోవచ్చు. ఆ ప్లేయరు ఇంకా ఖాళీగానే ఉంది.

ప్రకటనలో చెప్పినట్టు లేని వస్తువును వెనక్కి తీసుకోనంటే 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు ఒప్పుకోవు. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. ఆ నెల దాటితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను.

నాకు కావలసింది 1972 నాటి డిస్కు. అది మీ దగ్గర నిజంగా ఉంటే పంపండి. లేకపోతే లేదని ఒక్క ముక్క చెప్పి, కొరియర్ చార్జీలతో సహా నా డబ్బు వాపసు ఇవ్వండి. వెబ్‌సైటులో సంవత్సరాన్నీ నటీనటులనూ చూసి సరిదిద్దేదాకా ఆ పేజీ తీసేయండి. వరంగల్‌లో నా స్నేహితురాలు కూడా దాన్ని చూసే ఆర్డర్ పెట్టబోయింది, నేనే ఆపాను.

మీరు పంపిన రెండు డిస్కులూ సీలు విప్పకుండా, వచ్చిన పెట్టెల్లోనే ఉంచాను. బిల్లు కాపీలు, రెండు అట్టల ఫొటోలు దీనితో జతచేస్తున్నాను. మీ మనిషిని పంపితే డిస్కులు ఇచ్చి రసీదు తీసుకుంటాను.

ఇట్లు,
మీ కస్టమర్,
రాజమహేంద్రవరం