ఎనిమిది మందిలో ఒక్కరే ఇంటికి చేరారు

విశాఖపట్నం,
జూన్ 2017.

గౌరవనీయులైన కేంద్ర మంత్రి గారికి,

నమస్కారం. ఇది నేను మీకు రాస్తున్న నాలుగో ఉత్తరం. మొదటి మూడూ రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. అక్నాలెడ్జ్‌మెంట్ కార్డులు తిరిగి వచ్చాయి, మూడింటి మీదా మీ ఆఫీసు గుండ్రటి సీలు పడి ఉంది. జవాబు మాత్రం ఒక్కదానికీ రాలేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను, తప్పుగా అనుకోకండి.

రెండో ప్రపంచ యుద్ధంలో అస్సాం నుంచి హిమాలయాల మీదుగా చైనాకి సరుకు చేరవేసిన హంప్ విమాన దారి గురించి, అరుణాచల్ కొండల్లో కూలిపోయిన అమెరికా విమానాల గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. నేను మళ్లీ మళ్లీ అడుగుతున్నది 1944 జనవరి 25న చైనాలోని కున్‌మింగ్‌లో బయల్దేరి, అస్సాంలోని చబువాకి చేరని బి-24 అనే అమెరికా బాంబర్ విమానం గురించి. ‘హాట్ యాజ్ హెల్’ అని పేరు పెట్టుకున్నారు దానికి. అందులో ఎనిమిది మంది. నావిగేటర్ ఫస్ట్ లెఫ్టినెంట్ ఇర్విన్ జేట్స్, వెర్మాంట్ రాష్ట్రంలోని బర్లింగ్టన్ నుంచి వచ్చిన యూదు యువకుడు. మబ్బు కమ్మేస్తే కొండ ఎటు ఉందో, రన్‌వే ఎటు ఉందో లెక్క కట్టి పైలట్‌కి చెప్పాల్సిన మనిషి ఆయనే. దారి చూపించాల్సిన ఆ మనిషి ఆచూకీ అరవై ఏళ్లు దాటినా ఎవరికీ తెలియలేదు.

2006 చివర్లో క్లేటన్ కూల్స్ అనే అమెరికన్, స్థానికుల సాయంతో అరుణాచల్‌లోని అప్పర్ సియాంగ్ జిల్లాలో దామ్రో ఊరికి పైన ఆ విమానం శకలాల దగ్గరికి చేరాడు. చోటు తెలిసింది, అది ఏ విమానమో తెలిసింది. అయినా అవశేషాలు తవ్వి తీసే బృందం అక్కడ పని మొదలుపెట్టింది 2015లో. తొమ్మిదేళ్లండీ! వానలు ఎక్కువ, కొండచరియలు విరిగిపడతాయి, సరిహద్దు దగ్గర, ఇవన్నీ నిజమే, కాదనను. కానీ 2006లో బతికి ఉన్న అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు ఆ తొమ్మిదేళ్లలో ఎంతమంది కన్నుమూసి ఉంటారో ఒక్కసారి ఆలోచించండి. కాగితం ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కి వెళ్లేలోపు మనుషులే వెళ్లిపోతారు.

2016 ఏప్రిల్‌లో ఢిల్లీ పాలం విమానాశ్రయంలో ఆ అవశేషాలను అమెరికా రక్షణ మంత్రి సమక్షంలో సాగనంపారు. టీవీలో చూసి ఏడ్చాను. ఇప్పుడు, ఈ నెలలోనే, ఆ విమానంలో గురి చూసి బాంబులు వదిలే బాంబార్డియర్ రాబర్ట్ ఆక్స్‌ఫర్డ్‌ని అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో తన సొంత ఊరు కాంకర్డ్‌లో మట్టి చేశారు. డీఎన్‌ఏతో గుర్తుపట్టారు. ఒక్కరు. మిగతా ఏడుగురి ఇళ్లలో ఇంకా ఎదురుచూపులే. అందులో జేట్స్ వాళ్ల ఇల్లు ఒకటి.

యూదుల గురించి ఒక మాట చెప్పాలి. వాళ్లు దహనం చేయరు. శవాన్ని కడిగి, తెల్లబట్ట చుట్టి, వీలైనంత త్వరగా భూమికి అప్పగిస్తారు. పోయినవాళ్ల కోసం కద్దిష్ అనే ప్రార్థన చదువుతారు. ఏటా ఆ తిథికి ఒక రాత్రీ పగలూ దీపం వెలిగిస్తారు, మన తద్దినంలాగే. సమాధి చూడడానికి వెళ్లినవాళ్లు దాని మీద చిన్న రాయి పెట్టి వస్తారు. శవం దొరకకపోతే, ఇక దొరకదని ఆశ వదులుకున్న రోజు నుంచి మైల పాటించాలని వాళ్ల శాస్త్రం. ఇది చదివినప్పుడు నాకు మా నానమ్మే గుర్తొచ్చింది.

మాది దివిసీమ. 1977 నవంబర్ 19 ఉప్పెనలో మా చిన్నాన్న కొట్టుకుపోయాడు, శవం దొరకలేదు. ఆయన సైకిల్ మా పెరట్లో కొబ్బరి చెట్టుకి ఆనించి ఉండేది. నానమ్మ నెలకోసారి దాన్ని సెంటర్‌కి నడిపించుకెళ్లి గాలి కొట్టించేది. ట్యూబ్ ఎండిపోయి పగిలితే కొత్త ట్యూబ్ వేయించింది. తొక్కేవాళ్లు ఎవరూ లేరు. తద్దినం పెడదామని నాన్న అంటే ఆ పూట అన్నం ముట్టేది కాదు. ఆమె పోయేదాకా మా ఇంట్లో ఆ మైల మొదలవనే లేదు, ఇక తీరడం ఎక్కడ?

నిరుడు జూలై 22న తాంబరం నుంచి పోర్ట్‌బ్లెయిర్ వెళ్తూ వైమానిక దళం రవాణా విమానం ఏఎన్-32 గల్లంతైంది. అందులో ఉన్న 29 మందిలో ఎనిమిది మంది మా విశాఖ నావికాదళ ఆయుధ డిపో ఉద్యోగులు. సముద్రమంతా గాలించారు, ఏమీ దొరకలేదు. సముద్రం ఇవ్వనంటే ఎవరం ఏం చేయగలం? దామ్రో కొండ అలా కాదు కదండీ. అది తనలో ఉన్నది చూపించింది. మన దేశంలో ఇంకా దొరకని అమెరికన్లు మూడు నాలుగు వందల మంది ఉన్నారంటున్నారు. దొరికిన చోట్లకైనా వెళ్లనివ్వండి.

అనుమతులు త్వరగా ఇప్పించండి. వానలు తగ్గగానే బృందం మళ్లీ దామ్రో ఎక్కేలా చూడండి. దారి తెలిసిన అక్కడి ‘ఆది’ తెగ గిరిజనులనే అడగండి, కూలి సరిగ్గా ఇప్పించండి. ఇర్విన్ జేట్స్ ఎముక ఒక్కటి దొరికినా చాలు, బర్లింగ్టన్‌లో ఎవరో ఒకరు దాని మీద రాయి పెడతారు. మీకు చేతులెత్తి దండం పెడుతున్నాను. కుదరదంటే, ఎందుకు కుదరదో ఒక కార్డు ముక్క రాయించండి. ఈ ఉత్తరంతో పాటు సొంత చిరునామా రాసిన కవరు, స్టాంపు అంటించి పంపుతున్నాను.

భవదీయుడు,
విశాఖ నుంచి ఒక రిటైర్డ్ ఉద్యోగి