ఎవరూ వాయించని గిటార్ వినిపిస్తోంది: స్పీకర్ల జతపై రెండో ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

నమస్కారం. మీ కంపెనీ వైర్‌లెస్ స్పీకర్ల జత కొని రెండు నెలలైంది. కుడి స్పీకర్ ఎడమదానికంటే వెనకబడుతోందని పోయిన నెల రాస్తే, "స్పీకర్లు బాగానే ఉన్నాయి, మీరు పెట్టిన మ్యూజిక్‌లోనే ఒకే ముక్క మళ్లీ మళ్లీ వస్తోంది" అని జవాబిచ్చారు. ఆ మాటకి చాలా బాధపడ్డాను. అందుకే ఈసారి వివరంగా రాస్తున్నాను.

నేను పెట్టింది అమెరికన్ సంగీతకర్త స్టీవ్ రైష్ రాసిన 'ఎలక్ట్రిక్ కౌంటర్‌పాయింట్'. 1987లో గిటారిస్ట్ పాట్ మెథీనీ కోసం రాశారు. మూడు భాగాలు, దాదాపు 15 నిమిషాలుంటుంది. వాయించేది ఒక్కరే. 10 గిటార్లు, 2 బేస్ గిటార్ల భాగాలు ముందే రికార్డు చేసుకుని, 11వ గిటార్‌ని వాటితో కలిపి వాయిస్తారు. మొదట్లో స్వరాలు నాడి కొట్టుకున్నట్టు ఆగకుండా మోగుతాయి. తర్వాత, మధ్య ఆఫ్రికా కొమ్ము వాద్యాల సంగీతం నుంచి తీసుకున్న ఒక చిన్న వరసని ఓ గిటార్ ఎత్తుకుంటుంది. అదే వరసని రెండోది కాస్త వెనకగా అందుకుంటుంది, మూడోది ఇంకో చోట. అలా ఎనిమిది గిటార్లు చేరేసరికి, ఒకదాని ఖాళీలో ఇంకోదాని స్వరం పడి, ఏ ఒక్క గిటారూ విడిగా వాయించని కొత్త వరస పుడుతుంది. 11వ గిటార్ వాయించే గిటారిస్ట్ దాన్నే పట్టుకుని మనకి వినిపిస్తాడు. మొదటిసారి అది చెవిన పడినప్పుడు నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

ఒకే ముక్క మళ్లీ మళ్లీ వస్తుందన్నది నిజమే. కానీ ఏది ఎంత వెనకగా రావాలో రాసినాయన లెక్కగట్టి పెట్టారు. కోలాటంలో ఒక్కరు అడుగు తప్పినా పక్కవాళ్ల కర్ర గాలిలోకి పోతుంది. ఇదీ అంతే.

స్పీకర్లు ఆన్ చేసిన మొదటి నిమిషం తేడా తెలియదు. మొదటి భాగం సగమయ్యేసరికి తీగ మీటిన ప్రతి చప్పుడూ 'టట్' అని జంటగా పడుతుంది. రెండో భాగంలో వేగం సగానికి తగ్గుతుంది కాబట్టి తప్పు ఇంకా బయటపడుతుంది. మూడో భాగం అయితే వినలేం. మళ్లీ పాత వేగం, మూడు లెక్కల నడక. బేస్ గిటార్లు వచ్చాకే ఆ లెక్క స్పష్టమవుతుంది. చివర్లో అవే ఇ మైనర్‌కీ సి మైనర్‌కీ మధ్య శృతి మారుస్తూ, 3/2కీ (నాలుగేసి స్వరాల మూడు గుంపులు) 12/8కీ (మూడేసి స్వరాల నాలుగు గుంపులు) మధ్య లెక్కనీ మారుస్తాయి. ఆ మలుపు కోసమే నేను 15 నిమిషాలూ కూర్చుంటాను. మీ స్పీకర్లలో అక్కడ బేస్ ముద్దముద్దగా మోగుతుంది తప్ప లెక్క ఎక్కడ మారిందో అందదు.

ఒక స్పీకర్ ఆపేస్తే ఈ జంట చప్పుడు ఉండదు. వైరున్న ఇయర్‌ఫోన్స్‌లో అదే ఫైలు శుభ్రంగా వినిపిస్తుంది. రెండూ ఆపి మళ్లీ ఆన్ చేస్తే కాసేపు కుదురుతుంది, మళ్లీ మొదలు. ఇంకో ఫోన్‌తో చూశాను, అప్‌డేట్ కూడా చేశాను. ఫలితం లేదు. కాబట్టి తప్పు రికార్డింగ్‌ది కాదు.

జత మార్చి ఇవ్వండి, లేదా నేను కట్టిన 18,900 రూపాయలు వెనక్కివ్వండి. బిల్లు, రెండు స్పీకర్ల మధ్య ఫోన్ పెట్టి రికార్డు చేసిన ఆడియో జతచేస్తున్నాను. టెక్నీషియన్‌ని పంపేటట్టయితే, రెండు నిమిషాలు విని వెళ్లిపోకుండా మొత్తం వినమని చెప్పండి. సాయంత్రం 6 తర్వాత ఏ రోజైనా ఇంట్లోనే ఉంటాను.

ఇట్లు,
మీ కొనుగోలుదారు