విమానాశ్రయంలో నిరసన తెలిపినవారిపై ఉగ్రవాద సెక్షన్లు తగవు

సంపాదకులకు నమస్కారం.

విమానాశ్రయంలోని నిషిద్ధ ప్రాంతంలోకి అనుమతి లేకుండా వెళ్లడం నేరమే. దాని మీద నాకు పేచీ లేదు. విమానాలు కదిలే చోట, ఇంధనం నింపే చోట పరిచయం లేని మనిషి ఒక్కడు తిరిగినా అతని ప్రాణానికీ ప్రయాణికుల ప్రాణాలకూ ముప్పే. 1999 డిసెంబరులో మన విమానాన్ని కాందహార్‌కు హైజాక్ చేసిన తరువాతే విమానాశ్రయాల భద్రతను కేంద్ర పారిశ్రామిక భద్రతా దళానికి (సీఐఎస్ఎఫ్) అప్పగించడం మొదలైందని మనం మరచిపోకూడదు. అయితే విధ్వంసానికి వచ్చినవాడినీ, నిరసన చెప్పడానికి వచ్చినవాడినీ, ఆ నిరసనను లోకానికి చెప్పడానికి వెంట వచ్చిన విలేకరినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదని చెప్పడానికే ఈ లేఖ రాస్తున్నాను.

బ్రిటన్‌లోని స్టాన్‌స్టెడ్ విమానాశ్రయం కేసు ఈ విషయంలో అందరూ తెలుసుకోదగినది. 2017 మార్చి 28 రాత్రి 15 మంది అక్కడి కంచె కత్తిరించి లోపలికి వెళ్లారు. నైజీరియా, ఘనా తదితర దేశాలకు బలవంతంగా తిప్పి పంపనున్న 60 మంది కోసం బ్రిటిష్ హోం శాఖ అద్దెకు తీసుకున్న విమానం చుట్టూ, గొట్టాల సాయంతో ఒకరి చేతులు ఒకరికి బిగించుకుని నేల మీద పడుకున్నారు. ఆ రాత్రి ఆ విమానం బయలుదేరలేదు. మొదట వారిపై పెట్టినది తీవ్ర అక్రమ ప్రవేశం కేసు. దానికి గరిష్ఠ శిక్ష మూడు నెలల జైలు. ఆ తరువాత అభియోగాన్ని మార్చి, 1988లో స్కాట్లాండ్‌లోని లాకర్బీ మీద ఉగ్రవాదులు విమానాన్ని బాంబుతో పేల్చిన తరువాత వచ్చిన 1990 నాటి విమానయాన, నౌకాయాన భద్రతా చట్టాన్ని ప్రయోగించారు. దాని కింద యావజ్జీవం వరకూ వేయవచ్చు. 2018 డిసెంబరులో జ్యూరీ 15 మందినీ దోషులుగా తేల్చింది. 2021 జనవరిలో అప్పీలు కోర్టు ఆ దోష నిర్ధారణలన్నిటినీ కొట్టివేస్తూ, వారు చేసిన పనికి ఆ సెక్షన్ వర్తించదనీ, అంత తీవ్రమైన నేరం కింద వారిని విచారించవలసిందే కాదనీ స్పష్టం చేసింది. కానీ అప్పటికి దాదాపు నాలుగేళ్లు గడిచాయి. యావజ్జీవం పడుతుందేమోనన్న భయంతో బతికిన ఆ రోజులను వారికి ఏ కోర్టు తిరిగి ఇవ్వగలదు?

మన దగ్గరా ఇలాంటి పోకడ కనిపించింది. 2022 జూన్‌లో కన్నూరు నుంచి తిరువనంతపురం వెళ్లిన విమానంలో కేరళ ముఖ్యమంత్రికి వ్యతిరేకంగా నినాదాలు చేసిన యువజన కాంగ్రెస్ కార్యకర్తలపై హత్యాయత్నంతో పాటు, పౌర విమానయాన భద్రతకు భంగం కలిగించే చర్యలను అరికట్టడానికి 1982లో తెచ్చిన చట్టాన్ని కూడా ప్రయోగించారు. పది రోజులకు హైకోర్టు వారికి బెయిలు ఇచ్చింది. నినాదం చేసినవారిని విమానం దింపి మందలించవచ్చు, తగిన చిన్న సెక్షన్ కింద కేసు పెట్టవచ్చు. విధ్వంసకుల కోసం అట్టిపెట్టుకోవలసిన చట్టాన్ని వారి మీదికి తీయడం ఆ చట్టం బరువునే తగ్గించడం.

విలేకరుల విషయం ఇంకా సున్నితమైనది. 2006లో ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీలో ఒక నిరసనను చిత్రిస్తున్న ఫొటోగ్రాఫరును, చెదరిపొమ్మన్న పోలీసుల ఆదేశం పాటించలేదని అరెస్టు చేసి, ఆపై దోషిగా తేల్చారు. శిక్ష మాత్రం వేయలేదు. 2015లో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం 13–4 ఆధిక్యంతో ఆ తీర్పును తప్పుపట్టలేదు. అది విమానాశ్రయం కేసు కాకపోయినా, విలేకరి అయినంత మాత్రాన చట్టం నుంచి మినహాయింపు ఉండదన్న వాదనకు ఆధారంగా నిలుస్తోంది. ఆ నలుగురు న్యాయమూర్తుల అసమ్మతే నాకు సబబుగా తోస్తుంది. బ్రిటన్‌లో 2022 నవంబరులో రహదారి నిరసనలను కవర్ చేస్తున్న విలేకరులను పోలీసులు నిర్బంధించాక పెద్ద దుమారం రేగి, కేవలం నిరసనను చూసి వార్త రాస్తున్నందుకు ఎవరినీ పోలీసు అధికారాలతో అడ్డుకోరాదన్న నిబంధనను అక్కడి 2023 నాటి శాంతిభద్రతల చట్టంలో చేర్చారు. మనకూ అలాంటి నిబంధన కావాలి. మన శిక్షాస్మృతిలోనే అక్రమ ప్రవేశం నేరం కావాలంటే నేరం చేసే ఉద్దేశమో, ఎదుటివారిని బెదిరించే, అవమానించే, చికాకు పెట్టే ఉద్దేశమో ఉండాలి. చూసి రాయడానికి వచ్చినవాడికి అందులో ఏ ఉద్దేశాన్ని అంటగడతాం?

మన రాష్ట్రానికి ఇది పరాయి సమస్య కాదు. 2017 జనవరి 26న ప్రత్యేక హోదా ర్యాలీకి వచ్చిన జగన్‌మోహన్ రెడ్డిని విశాఖ విమానాశ్రయంలోనే ఆపగా ఆయన అక్కడే బైఠాయించారు. 2021 మార్చి 1న రేణిగుంట విమానాశ్రయంలో చంద్రబాబు నాయుడు నేల మీద గంటల తరబడి కూర్చున్నారు. ఆ రోజుల్లో అధికారంలో ఉన్నవారు తరువాత ప్రతిపక్షమయ్యారు, ప్రతిపక్షంలో ఉన్నవారు అధికారంలోకి వచ్చారు. కనుక ఏ పార్టీ ప్రభుత్వమైనా రెండు పనులు చేయాలి. హింస గానీ ఆయుధం గానీ లేని నిరసనపై విమానయాన భద్రతా చట్టాలను ప్రయోగించే ముందు ప్రాసిక్యూషన్ అధికారి రాతపూర్వకంగా కారణం చెప్పాలి. విలేకరి లోపలికి వచ్చాడని తేలితే కెమెరా లాక్కుని కేసు పెట్టకుండా, గుర్తింపు కార్డు చూసి బయటికి పంపాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
విశాఖపట్నం