సెనెగల్ రాజధాని డాకర్‌లో ఉన్న అమ్మాయికి

చి. స్వాతికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. చిన్న గేదె ఈనింది, పెయ్యదూడ. మీ అమ్మ మోకాళ్ళ నొప్పి కాస్త నయం. నువ్వు ఉద్యోగం మానేస్తున్నావని పెదబాబు వాళ్ళింట్లో అనుకుంటున్నారట. సరే, ఆ సంగతి తర్వాత. దోమతెర కట్టుకునే పడుకుంటున్నావా? జ్వరం తగిలితే ఒక్కరోజు కూడా ఆగకుండా రక్తపరీక్ష చేయించుకో.

నువ్వు ఫోన్లో చెప్పింది బుర్రలోంచి పోవడం లేదు. సెనెగల్ పశువుల కాపరులు పాలు అమ్ముకోవడానికి డబ్బిచ్చేదీ యూరపే, పామాయిల్ కలిపిన పాలపొడి చవగ్గా పంపి ఆ పాలకు గిరాకీ లేకుండా చేసేదీ యూరపే. కుడిచేత్తో ఇచ్చి ఎడమచేత్తో లాక్కోవడం కదా ఇది! పేద దేశాల మీద ప్రభావం చూపే ఏ విధానంలోనైనా అభివృద్ధి లక్ష్యాలను లెక్కలోకి తీసుకోవాలని యూరోపియన్ యూనియన్ లిస్బన్ ఒప్పందం 208వ అధికరణలో వాళ్ళే రాసుకున్నారు. కానీ వాళ్ళలో సహాయం చూసే శాఖ వేరు, వ్యాపారం చూసే శాఖ వేరు. పశ్చిమాఫ్రికా దేశాలైనా తక్కువ తినలేదు. స్థానిక పాలు పెరగాలంటూనే, బస్తాల్లో వచ్చే పొడి మీద 5 శాతం సుంకంతో సరిపెట్టాయి.

మనకూ ఆ పొడి వచ్చింది. 1970లో మన దేశంలో పాల ఉత్పత్తి పెంచే ఆపరేషన్ ఫ్లడ్ పథకం మొదలైనప్పుడు యూరప్‌లో పాలపొడి, వెన్న గుట్టలుగా పేరుకుపోయి ఉన్నాయి. ప్రపంచ ఆహార కార్యక్రమం ద్వారా వాటిని మనకు ఊరికే ఇచ్చారు. ఊరికే వచ్చిన సరుకు బజార్లో అడ్డంగా పడితే రైతు మునిగిపోతాడని ఆ పథకం నడిపిన కురియన్ గారికి తెలుసు. అందుకే పొడిని, వెన్ననూనెను పాలుగా కలిపి బొంబాయి, ఢిల్లీ, కలకత్తా, మద్రాసు డెయిరీల్లో అమ్మించారు. ఆ డబ్బు మళ్ళీ సహకార సంఘాలకూ డెయిరీలకూ చేరింది. సరుకు తీసుకోవడం, డబ్బు పెట్టడం మన ప్రభుత్వ సంస్థ ఇండియన్ డెయిరీ కార్పొరేషన్ చేతిలోనే ఉండేవి. మన ఊరి పాల కేంద్రంలో నేను వెన్నశాతం చూసి పుస్తకంలో రాసిన రోజుల్లో, పొడి దిగిందని రైతుకు ధర తగ్గించమన్న కబురు ఎప్పుడూ రాలేదమ్మా.

నీకు నీతులు చెప్పకూడదనే కూర్చున్నాను. కానీ కోపంలో రాజీనామా రాయకు. ఆ రెండు శాఖల లెక్కలనూ ఒకే కాగితం మీద పెట్టి పైవాళ్ళకు చూపించాలంటే పాలు పోసేవాళ్ళ మధ్య తిరిగే మనిషి కావాలి, అది నువ్వే. ఊళ్ళకు వెళ్ళినప్పుడు ఎవరికి ఎంత ధర వస్తోందో నెలనెలా రాసిపెట్టుకో. కాచిన నీళ్ళు తాగు, మధ్యాహ్నం ఎండలో తిరక్కు, రాత్రిపూట బ్రెడ్డుతో కడుపు నింపుకోకు, అన్నం వండుకో.

ఊరగాయ, కందిపొడి పార్సిల్ కట్టించాం. అది పంపాలో వద్దో నువ్వు చెప్పాలి. అక్కడే ఉంటున్నావా, వచ్చేస్తున్నావా? పనిలోపనిగా అక్కడ కాపరికి లీటరుకు ఎంత ఇస్తున్నారో, పొడితో కలిపిన పాలు లీటరు ఎంత పడుతున్నాయో కూడా రాయి.

మీ నాన్న