మీ నాయనమ్మ బొంతల గురించి

ఏం రా, బాగున్నావా? ఫోన్లో చెప్తే సరే సరే అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నా, తీరిగ్గా చదువు. ధర్మాబాద్ ఇంట్లో సామాను తీయించమన్నావు కదా, మంచాలు, బీరువా, ఇత్తడి బిందెలు అన్నీ చూశాను, వాటి గురించి నీకేం టెన్షన్ వద్దు. కానీ పెద్ద ట్రంకులో ఉన్న బొంతల్ని "ఎవరికన్నా ఇచ్చేయ్, లేకుంటే పడేయ్" అన్నావు చూడు, ఆ పని మాత్రం నేను చేయను.

నువ్వు వాటిని ఎప్పుడన్నా సరిగ్గా విప్పి చూశావా? పైన మీ నాయనమ్మ ఇర్కల్ చీరలు, లోపల మీ తాతవి అరిగిపోయిన ధోవతులు పొరలు పొరలుగా, అంచు చుట్టూ ఖణం రవికెల ముక్కలు మూడు మూలలుగా మడిచి కుట్టినవి. కుట్టు బయటి అంచు దగ్గర మొదలై చుట్టూ తిరుగుతూ లోపలికి పోయి నడిమధ్య ఆగుతుంది. ఒక బొంతలో రెండు రకాల చేతి కుట్టు ఉంది రా, సగం దాకా చాలా సన్నగా, ఆ తర్వాత పొడుగు పొడుగుగా. పక్కన కూర్చుని ఇంకెవరో కుట్టి ఉంటారు. ఎవరు? మీ ఇంట్లో అడిగితే చెప్పగలిగే మనిషి ఇప్పుడు మీ పెద్దత్త ఒక్కతే.

ఇవి అంత గొప్పవా అని అడుగుతావు. అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రం లింకన్ ఊళ్ళో బొంతల కోసమే ఒక పెద్ద మ్యూజియం ఉంది, ఇంటర్నేషనల్ క్విల్ట్ మ్యూజియం అని. 1997లో ఆర్డిస్, రాబర్ట్ జేమ్స్ అనే భార్యాభర్తలు తాము కూడబెట్టిన 950 దాకా బొంతల్ని అక్కడి యూనివర్సిటీకి ఇచ్చేస్తే అది మొదలైంది. ఇప్పుడు 60కి పైగా దేశాలవి ఉన్నాయి, మన వైపు దేశాలవి కూడా. అంత దూరం ఎందుకు, కలకత్తా పక్కన జోకాలో గురుసదయ్ దత్ అనే ఆయన ఊరూరా తిరిగి పోగుచేసిన కాంథాలతో, అంటే బెంగాలీ బొంతలతో, మ్యూజియం ఉంది. అవి కూడా పాత చీరలే, పాత ధోవతులే.

1971లో న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో పాత బొంతల్ని పెయింటింగుల్లాగా గోడకి వేలాడదీశారు. అప్పటిదాకా మంచం మీద కప్పుకునేవాటిని ఒక్కసారిగా జనం కళ్ళెత్తి చూశారు. నాకు ఆ సంగతి చదివినప్పుడు సంతోషం, బాధ రెండూ కలిగాయి, ఎందుకంటే వాటిలో చాలావాటిని కుట్టిందెవరో తెలియదు, కొన్నవాళ్ళ పేర్లే మిగిలాయి. 1841లో ఇంగ్లండు నుంచి టాస్మానియాకి శిక్ష పడి ఓడలో వెళ్తున్న ఆడవాళ్ళు దారి పొడుగునా కూర్చుని 2,815 ముక్కలతో ఒక బొంత కుట్టారు, ఆ ఓడ పేరు మీద రాజా క్విల్ట్ అంటారు, ఇప్పుడు ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీలో ఉంది. గుడ్డలు, దారం ఇచ్చిన దొరసానులకి కృతజ్ఞతలు దాని మీదే కుట్టి ఉన్నాయి, కుట్టిన చేతుల పేర్లు మాత్రం లేవు. ఇది నాకు అసలు మింగుడుపడదు.

హారియట్ పవర్స్ సంగతి వేరు. 1837లో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో బానిసగా పుట్టింది. బైబిల్ కథలు బొమ్మలుగా కత్తిరించి బొంత కుట్టింది, జెన్నీ స్మిత్ అనే ఆవిడ అడిగితే మొదట అమ్మనన్నది, కొన్నేళ్ళకి ఇబ్బంది వచ్చి 5 డాలర్లకి ఇచ్చేసింది. ఆ తర్వాత కూడా దాన్ని చూసుకోవడానికి ఆ ఇంటికి వెళ్ళేదట. స్మిత్ చేసిన మంచి పని ఒకటుంది, ఏ బొమ్మ ఏ కథో పవర్స్ చెప్తుంటే రాసిపెట్టింది. ఆ కాగితం లేకుంటే ఇవాళ అమెరికాలోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఆ బొంత ముందు నిలబడ్డవాళ్ళకి ఎన్ని అర్థమయ్యేవి? అందుకే నాకు బొంత ఎంత ముఖ్యమో, దాని వెంట ఉండే ఆ నాలుగు మాటలు అంత ముఖ్యం. అలబామాలోని గీస్ బెండ్ ఊరి నల్లజాతి ఆడవాళ్ళ బొంతలు 2002లో హ్యూస్టన్‌లో ప్రదర్శించినప్పుడు కుట్టినవాళ్ళ పేర్లతో పెట్టారు. పొలం పనికి వేసుకుని చిరిగిన ప్యాంట్లు, చొక్కాలు అందులో ముక్కలు. మన ఇళ్ళలో జరిగిందీ ఇదే కదా.

మన దగ్గర ఇప్పుడు అందరూ సోలాపూర్ చద్దర్లు, మెషీన్ బ్లాంకెట్లకి మారిపోయారు. చద్దర్లని నేను తక్కువ చేయను, ఆ మగ్గాల మీద మన తెలుగు పద్మశాలీలే ఎంతమందో బతికారు. కానీ బొంత కుట్టే చేతులు తగ్గిపోతున్నాయి, ఉన్నవి మనమే పారేస్తే ఇంకేం మిగులుతుంది చెప్పు.

ఇక ఎలా దాచాలో చెప్తా. వాషింగ్ మెషీన్లో వేయొద్దు, లోపలి ధోవతులు పీలికలైపోతాయి. ప్లాస్టిక్ కవర్లో కట్టొద్దు, తేమ పట్టి బూజు వస్తుంది. కలరా ఉండలు గుడ్డకి తగలనీయొద్దు. ఎండలో కాదు, నీడలో గాలికి ఆరేసి, ఉతికిన పాత నూలు పంచెలో చుట్టి పెట్టాలి. మడిచిన చోటే మళ్ళీ మడిస్తే ఆ గీత మీద చిరుగుతుంది, అప్పుడప్పుడు మడత మార్చాలి. మ్యూజియాల్లో కూడా వెలుగు బాగా తగ్గించి, కొన్నాళ్ళు చూపించి మళ్ళీ చీకట్లో పెట్టేస్తారు, రంగు ఒకసారి పోతే తిరిగి రాదు కదా.

నూలు నాడా కొని తెచ్చాను, దాని మీద పేరు, ఊరు రాసి ప్రతి బొంత మూలకీ రెండు కుట్లు వేసి పెడతాను. రాయడానికే నాకు వివరాలు కావాలి. బొంతలన్నింటికీ ఫోటోలు తీసి నీకు పంపాను, అవి పట్టుకుని ఈ ఆదివారం బోధన్ వెళ్ళి మీ పెద్దత్తని కలువు. ఏ చీర ఎవరిది, ఏది ఎవరి పురిటికి కుట్టారు, ఆ రెండో చెయ్యి ఎవరిది, అన్నీ అడుగు. ఆమెకి చెవులు సరిగ్గా వినిపించవు, ఫోన్లో కుదరదు, ఎదురుగా కూర్చుని అడగాలి.